స్కాన్ బాగుంది, చూపే బాగా లేదు

బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషి చేతిలో వారం తిరిగేసరికి సాధారణంగా రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి సీటీ స్కాన్ రిపోర్టు. మెదడులో రక్తస్రావం లేదు, ఎముక విరగలేదు అని అందులో ఉంటుంది. రెండోది కంటి డాక్టరు రాసిచ్చింది. కుడి కన్ను 6/6, ఎడమ కన్ను 6/6. రెండూ నిజమే. కానీ ఆ మనిషి పేపరు పట్టుకుంటే పది లైన్లు తిరక్కుండానే అక్షరాలు అలుక్కుపోతాయి, నుదురు లాగేస్తుంది, ఎక్కడిదాకా చదివాడో వరస తప్పుతుంది. ట్యూబ్‌లైటు గుచ్చుకుంటుంది. సూపర్ మార్కెట్లో అరల మధ్య నడుస్తుంటే కడుపులో తిప్పుతుంది. ఇంట్లోవాళ్లు మొదటి వారం జాలి పడతారు, మూడో వారానికి విసుక్కుంటారు. రిపోర్టులన్నీ బాగున్నాయి కదా, ఇంకేమిటి బాధ అంటారు. మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్తే టెన్షన్ తగ్గడానికో మాత్ర, నిద్ర పట్టడానికో మాత్ర.

ఆ బాధ ఏమిటో వైద్యశాస్త్రానికి తెలుసు. మన ఆసుపత్రుల రోజువారీ పనిలోకే ఇంకా రాలేదు.

తల గాయం తీవ్రతను అంచనా కట్టడానికి ప్రపంచమంతా వాడే కొలమానం గ్లాస్గో కోమా స్కేల్. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పనిచేసిన గ్రహమ్ టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ 1974లో దీన్ని ప్రచురించారు. కళ్లు తెరవడానికి, మాట్లాడటానికి, చెప్పినట్టు కాళ్లూ చేతులూ కదపడానికి విడివిడిగా మార్కులు వేస్తారు. మొత్తం 15. అందులో 13 నుంచి 15 దాకా వచ్చి, స్పృహ తప్పినా అరగంటలోపే తిరిగి వచ్చి, ప్రమాదం తర్వాతి మతిమరుపు ఒక రోజు దాటకపోతే దాన్ని స్వల్ప గాయం కింద రాస్తారు. ఈ కొలమానం పుట్టింది స్పృహ ఎంత ఉందో చూడటానికి. రోగి వచ్చే నెల పరీక్ష రాయగలడా, రాత్రిపూట బండి నడపగలడా అన్నది దాని లెక్కలోకి రాదు. మనం మాత్రం ఆ మార్కులు చూసి అవి కూడా తేలిపోయాయి అనుకుంటాం.

సీటీ స్కానుదీ అదే కథ. అది చూపేది ముఖ్యంగా రక్తాన్ని, ఎముకను. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది నిమిషాల్లో తేల్చే యంత్రం, ఆ పనిలో దానికి సాటి లేదు. కానీ తల ఒక్కసారిగా తిరిగి ఆగినప్పుడు మెదడులోని పొరలన్నీ ఒకే వేగంతో కదలవు. వాటి మధ్య సన్నని నాడీ తంతువులు సాగుతాయి, మెలిపడతాయి. తెగకపోయినా వాటి పని దెబ్బతింటుంది. కణాల లోపలి పొటాషియం బయటికి, బయటి కాల్షియం లోపలికి పోతుంది. ఆ తూకాన్ని సరిచేయడానికి కణాలకు మామూలుకన్నా ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. లాస్ ఏంజెలిస్‌కు చెందిన క్రిస్టఫర్ గిజా, డేవిడ్ హోవ్డా 2001లో ఈ క్రమాన్ని వివరంగా రాశారు. ఇదేదీ సీటీ ఫిల్ములో పడదు.

సరే, దెబ్బ తలకు తగిలితే ఇబ్బంది చూపులో ఎందుకు? చూపు కంటి పని అని మనం అనుకుంటాం గానీ, కన్ను చేసేది మొదటి మెట్టు మాత్రమే. కోతి మెదడు మీద ఫెలెమాన్, వాన్ ఎసెన్ 1991లో వేసిన లెక్కలో చూపుతో సంబంధం ఉన్న ప్రాంతాలు 32 తేలాయి. ఇక కంటిని కదిపే ఏర్పాటు చూడండి. ఒక్కో కంటికి ఆరు కండరాలు. వాటిని నడిపించడానికి మెదడు నుంచి నేరుగా వచ్చే నాడులు మూడు జతలు. వాటికి ఆజ్ఞలు నుదుటి వెనకభాగం నుంచి, చిన్నమెదడు నుంచి, మెదడు కాండం నుంచి, లోపలి చెవిలోని సమతౌల్య అవయవం నుంచి వస్తాయి. ఇంత విస్తరించిన పని కాబట్టి దెబ్బ తల ముందు తగిలినా వెనక తగిలినా ఎక్కడో ఒకచోట చూపు దారిలో పడే అవకాశం ఉంది.

తల దెబ్బ తర్వాత ఎక్కువగా కనిపించే చూపు లోపాల్లో ఒకటి కన్వర్జెన్స్ లోపం. దగ్గరి వస్తువును చూడాలంటే రెండు కళ్లూ ముక్కువైపు కలిసి తిరగాలి. కాడికి కట్టిన జోడెద్దుల్లో ఒకటి వెనకబడితే నాగలి ఎలా పక్కకు లాగుతుందో, ఒక కన్ను తిరగడంలో వెనకబడితే చూపు అలా చెదురుతుంది. పరీక్ష కూడా చాలా తేలిక. డాక్టరు ఒక పెన్ను మొన రోగి ముక్కుకు ఎదురుగా పట్టి మెల్లగా దగ్గరకు తెస్తారు. మొన ఎప్పుడు రెండుగా కనిపిస్తే అప్పుడు చెప్పమంటారు. బాగున్నవాళ్లకు ముక్కుకు ఐదారు సెంటీమీటర్ల దాకా ఒకటిగానే ఉంటుంది. దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి జానెడు దూరంలోనే రెండయిపోతుంది. ఆ క్షణంలో ఎదురుగా కూర్చున్నవాళ్లు గమనిస్తే, ఒక కన్ను పట్టు వదిలి చెవివైపు జారిపోవడం మామూలు కంటికే తెలుస్తుంది. నాలుగైదుసార్లు వరసగా చేస్తే ఆ దూరం ఇంకా పెరుగుతూ పోతుంది. అందుకే ఒక్కసారి చేసి వదిలేయకూడదంటారు. గోడమీద బోర్డు దగ్గర, ఒక్కో కన్ను మూసి, 20 అడుగుల దూరం నుంచి అక్షరాలు చదివించినప్పుడు ఈ లోపం బయటపడే అవకాశమే లేదు. హెర్మన్ స్నెల్లెన్ 1862లో తయారుచేసిన ఆ బోర్డు ఒక్కో కన్ను ఎంత చిన్న అక్షరాన్ని గుర్తుపడుతుందో చెబుతుంది. రెండు కళ్లూ కలిసి అరగంట పని చేస్తాయా అన్నది దాన్ని అడగకూడదు.

రెండోది ఫోకస్ మార్చుకోవడం. నలభై దాటాక మనకు వచ్చే చత్వారంలో తగ్గేది ఈ శక్తే. తల దెబ్బ తర్వాత పద్దెనిమిదేళ్ల కుర్రాడికీ ఆ తరహా ఇబ్బంది రావచ్చు. బ్లాక్‌బోర్డు చూసి నోట్‌బుక్కులోకి దిగేసరికి అక్షరం తేరుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. మళ్లీ తల ఎత్తితే బోర్డు మసక. క్లాసు మొత్తం ఇంతే. మూడోది, చూపును ఒక మాట నుంచి ఇంకో మాటకు దూకించే వేగమైన కదలిక. అది గురి తప్పితే లైను చివర నుంచి కింది లైను మొదటికి రావాల్సిన చూపు చదివిన లైనుకో ఇంకా కింది లైనుకో వెళ్తుంది. తెలుగు పుస్తకంలో పై లైను ఒత్తులూ కింది లైను గుడులూ దాదాపు తగులుకుంటూ ఉంటాయి కాబట్టి మన పాఠకుడికి ఇది మరీ చికాకు. నాలుగోది తల కదిలినా చూపు నిలకడగా ఉంచే ప్రతిచర్య. లోపలి చెవి, కంటి కండరాలు కలిసి చేసే పని అది. అది తడబడితే ఆటోలో కూర్చున్నా, నడుస్తూ పక్కకు తిరిగినా లోకం ఊగుతుంది.

వీటన్నిటికన్నా అరుదైనా, డాక్టర్లు ప్రత్యేకంగా వెతికేది నాలుగో కపాల నాడి బలహీనత. కపాలనాడుల్లో ఇదే సన్ననిది, మెదడు వెనకవైపు నుంచి బయటపడి పుర్రె లోపల అన్నిటికన్నా ఎక్కువ దూరం ప్రయాణించేదీ ఇదే. అందుకే తల కుదుపుకు తొందరగా లొంగుతుంది. ఈ నాడి దెబ్బతింటే కిందికి చూసినప్పుడు బొమ్మ ఒకదానిపై ఒకటి రెండుగా కనబడుతుంది. మెట్లు ఎక్కడం బాగానే ఉంటుంది, దిగడమే గండం. రోగి తనకు తెలియకుండానే తలను ఒక భుజంవైపు వంచి సర్దుకుంటాడు. ఇలాంటివాళ్లు వస్తే అనుభవం ఉన్న డాక్టరు పాత ఫోటోలు తెమ్మంటారు. పెళ్లి ఆల్బంలోనూ స్కూలు గ్రూప్ ఫోటోలోనూ తల అలాగే వంగి ఉంటే లోపం పుట్టుకతో వచ్చినదన్నమాట. అప్పుడు నిటారుగా ఉండి ఇప్పుడే వంగితే దెబ్బ ఫలితం. ఏ స్కానూ చెప్పని సంగతి పెళ్లి ఫోటో చెప్పేస్తుంది.

ఇంత ముఖ్యమైన విషయం వైద్యుల దృష్టి నుంచి ఎలా తప్పుకుందో చరిత్ర చూస్తే కొంత అర్థమవుతుంది. చూపు మెదడులో ఎక్కడ ఉంటుందో మనకు నేర్పినవి తుపాకీ గుండ్లు. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తల వెనకభాగంలో గాయపడిన సైనికులను జపాన్ కంటి వైద్యుడు తత్సుజి ఇనోయె పరీక్షించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికులను గోర్డన్ హోమ్స్ పరీక్షించాడు. గుండు ఎక్కడ తగిలితే చూపులో ఏ భాగం చీకటి అవుతుందో వాళ్లు పటం గీశారు. అది గొప్ప శాస్త్రమే. కానీ దాంతోపాటు ఒక అలవాటూ వచ్చిందని నా అభిప్రాయం. చూపులో ఫలానా భాగం పోయింది అని వేలు పెట్టి చూపించగలిగితేనే గాయం, లేకుంటే మనసు బాధ అనుకునే అలవాటు. స్వల్ప గాయంలో ఏ భాగమూ పోదు. అన్నీ ఉంటాయి, అన్నీ ఆలస్యంగా, శ్రమపడి పనిచేస్తాయి.

లెక్కలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రికి చెందిన క్రిస్టీనా మాస్టర్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో తలకు దెబ్బ తగిలిన 100 మంది కిశోరులను పూర్తి స్థాయిలో పరీక్షిస్తే 69 మందిలో ఏదో ఒక చూపు లోపం బయటపడింది. ఫోకస్ లోపం 51 మందికి, కన్వర్జెన్స్ లోపం 49 మందికి, చూపు దూకించడంలో లోపం 29 మందికి. ఒకరికే రెండు మూడు ఉన్న సందర్భాలు ఎక్కువ. ఇది దెబ్బల కోసమే ఉన్న ప్రత్యేక క్లినిక్కుకు వచ్చినవారి లెక్క అని గుర్తుంచుకోవాలి. నెత్తికి గుమ్మం తగిలిన ప్రతివారికీ వర్తించదు. మాంట్రియల్‌లో 2008లో వచ్చిన ఇంకో అధ్యయనం కంటి కదలికల నుంచి కాస్త దూరంగా వెళ్లి చూపు గ్రహింపునే పరీక్షించింది. తలకు స్వల్ప గాయమైన పిల్లలు సాదా నమూనాలను బాగానే గుర్తుపట్టారు. మెదడు ఎక్కువ లెక్క వేసుకోవాల్సిన సంక్లిష్ట నమూనాల దగ్గరే వెనకబడ్డారు. 12 వారాలు గడిచాక కూడా ఆ తేడా మిగిలే ఉంది. పిల్లవాడు అప్పటికి స్కూలుకు పోతుంటాడు, గ్రౌండులో ఆడుతుంటాడు. పైకి ఏమీ ఉండదు.

క్రికెట్ ఈ పాఠాన్ని మనకన్నా ముందు నేర్చుకుంది. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో జోఫ్రా ఆర్చర్ బంతి మెడకు తగిలి పడిపోయిన స్టీవ్ స్మిత్ పరీక్షలు నెగ్గి, అదే ఇన్నింగ్స్‌లో మళ్లీ బ్యాటింగ్‌కు దిగాడు. లక్షణాలు మర్నాడు పొద్దున మొదలయ్యాయి. అతని స్థానంలో లబుషేన్ దిగాడు. తలకు దెబ్బ తగిలిన ఆటగాడి బదులు ఇంకొకరిని దించే కంకషన్ సబ్‌స్టిట్యూషన్ టెస్టుల్లో అదే మొదటిది, ఐసీసీ నిబంధన వచ్చి నెల కూడా కాలేదు. అన్ని హంగులూ, పక్కనే డాక్టరూ ఉన్న ఆటగాడికే తొలిరోజు పరీక్ష పూర్తి సంగతి చెప్పలేకపోయింది. ఎమర్జెన్సీ వార్డులో స్కాన్ తీయించుకుని అదే రాత్రి ఇంటికి వెళ్లిపోయే డెలివరీ కుర్రాడి సంగతి చెప్పాలా? మర్నాడు అతనికి డ్యూటీ ఉంటుంది. సెలవు పెడితే ఆ రోజు డబ్బు రాదు.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. మనం లెక్కపెట్టేది, చర్చించేది చావులను. బతికి బయటపడి ‘ఏమీ కాలేదు’ అని ఇంటికి వచ్చిన లక్షల మందిలో ఎందరు ఆ తర్వాత చదువు మానేశారో, ఎందరు నైట్ షిఫ్టు వదులుకున్నారో ఏ పట్టికలోనూ లేదు. ప్రమాదాల పట్టికకే ఎక్కనివాళ్లు ఇంకా ఉన్నారు. మొగుడు గోడకేసి కొడితే మెట్ల మీద జారిపడ్డానని చెప్పే ఆడవాళ్లు, పరంజా మీద నుంచి పడి మేస్త్రీ ఇచ్చిన వెయ్యి రూపాయలతో ఊరికి వెళ్లిపోయే కూలీలు. వాళ్లకు స్కానే ఉండదు, ఇక చూపు పరీక్ష ఎక్కడిది?

మన నిబంధనలు కూడా ఆ 6/6 బోర్డు చుట్టూనే తిరుగుతాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చూపు లోపాన్ని రెండే కొలతలతో నిర్వచిస్తుంది. అక్షరం గుర్తుపట్టే శక్తి 6/18 కన్నా తగ్గాలి, లేదా చూపు విస్తీర్ణం 40 డిగ్రీల కన్నా తగ్గాలి. పెన్ను మొన జానెడు దూరంలో రెండుగా కనబడే మనిషికి ఈ రెండూ బాగానే ఉంటాయి. అతను మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు తన నష్టాన్ని ఏ కాగితంతో రుజువు చేయాలి? డ్రైవింగ్ లైసెన్సుకు డాక్టరు ఇచ్చే ఫారం 1ఏలో చూపు గురించి అడిగే ప్రశ్నల్లో ఒకటి, పట్టపగలు 25 మీటర్ల దూరంలో నంబరు ప్లేటు కనిపిస్తుందా అని. ప్రమాదం జరిగాక ఎదురుగా హైబీమ్ లైటు పడితే ఎన్ని సెకన్లు తేరుకోలేడో, పక్క నుంచి దూసుకొచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో అంచనా వేయగలడో లేదో ఎవరూ అడగరు. సొంత బండికి, 40 ఏళ్ల లోపువారికి ఆ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు, స్వయంగా సంతకం పెడితే చాలు.

ఇంతకీ చికిత్స ఉందా? ఉంది. ముందు చెప్పాల్సింది, ఎక్కువమంది కొన్ని వారాల్లో తమంతట తామే కోలుకుంటారు. వెనకటికి చీకటి గదిలో పడుకోబెట్టి కదలనిచ్చేవారు కాదు. ఆ సలహా ఇప్పుడు తప్పని తేలింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2022లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణుల బృందం మొదటి ఒకటి రెండు రోజులు మాత్రమే నెమ్మదిగా ఉండమంది, ఆ రోజుల్లోనే తేలికపాటి నడక లాంటివి మొదలుపెట్టవచ్చంది. ఫోను విషయంలో మాత్రం మొదటి 48 గంటలు కఠినంగా ఉండటం మంచిది. 12 నుంచి 25 ఏళ్ల వయసువారి మీద అమెరికాలో చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో, ఆ రెండు రోజులు తెరకు దూరంగా ఉన్నవారు సగటున మూడున్నర రోజుల్లో కోలుకున్నారు. చూసినవారికి ఎనిమిది రోజులు పట్టింది. వెలుగు గుచ్చుకుంటోందని ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకునేవారుంటారు. అది అప్పటికి హాయిగా ఉన్నా, కళ్లు చీకటికి అలవాటుపడి వెలుగు ఇంకా ఎక్కువగా గుచ్చుకుంటుంది. బయట ఎండలో సరే, గదిలో తీసేయాలి.

నెల దాటినా తగ్గనివారికి కన్వర్జెన్స్ వ్యాయామాలు ఉన్నాయి. ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. దెబ్బతో సంబంధం లేకుండా ఆ లోపం ఉన్న 221 మంది పిల్లల మీద అమెరికాలో చేసి 2008లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, క్లినిక్కులో నిపుణుల పర్యవేక్షణలో 12 వారాలు శిక్షణ పొందినవారిలో 73 శాతం మంది బాగుపడ్డారు. ఇంట్లో కూర్చుని పెన్సిల్ దగ్గరకు తెచ్చుకునే వ్యాయామం మాత్రమే చేసినవారి ఫలితం ఉత్తుత్తి చికిత్స తీసుకున్నవారి ఫలితాన్ని చెప్పుకోదగినంతగా మించలేదు. దెబ్బ వల్ల వచ్చిన లోపానికి ఆధారాలు ఇప్పుడిప్పుడే పోగవుతున్నాయి. ఈ ఖాళీ చూసి బ్రెయిన్ విజన్ ప్యాకేజీలని, రంగు అద్దాలని వేలకు వేలు వసూలు చేసే దుకాణాలు వెలయడానికి ఎంతో కాలం పట్టదు. ఏ లోపం ఉంది, ఎంత ఉంది, ఎన్ని వారాల్లో ఏ కొలత మారాలి అని కాగితం మీద రాసివ్వని చోట డబ్బు కట్టవద్దు.

మరోవైపు ప్రమాద సంకేతాలు మరవకూడదు. తలనొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మగత కమ్ముతున్నా, ఒక కనుపాప ఇంకోదానికన్నా పెద్దదిగా ఉన్నా, చూపు హఠాత్తుగా రెండుగా మారినా అది వ్యాయామాల కేసు కాదు. అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకే తీసుకెళ్లాలి. ఇక హెల్మెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అది తల గాయం ముప్పును 69 శాతం దాకా తగ్గిస్తుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష చెప్పింది. మెదడు మెలిపడే కుదుపును మాత్రం పూర్తిగా ఆపలేదు. హెల్మెట్ ఉంది కదా ఏమీ అయి ఉండదు అన్న ధీమా కూడా పనికిరాదు.

ఇవన్నీ అమెరికా ముచ్చట్లు, మన దగ్గర కుదరవు అనేవారు 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన కంటి వెలుగును గుర్తు చేసుకోవాలి. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేశారు. ఊరి బడిలో టేబుల్ వేసి కూర్చుని, చత్వారానికి అద్దాలు ఇచ్చి పంపించారు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో స్థానిక యువతీయువకులకు శిక్షణ ఇచ్చి విజన్ సెంటర్లు నడిపిస్తోంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆప్టోమెట్రిస్టులకు గుర్తింపు ఇచ్చింది. మనుషులున్నారు, చోట్లున్నాయి. వాళ్లు పరీక్షించే జాబితాలో పెన్ను మొన లేదు, అంతే.

ప్రభుత్వాలను అడగాల్సింది పెద్దదేమీ కాదు. తల గాయంతో వచ్చినవారికి ఇచ్చే డిశ్చార్జి కాగితం మీద తెలుగులో నాలుగు వాక్యాలు అచ్చువేయించాలి: రెండు రోజులు ఫోను వద్దు, డాక్టరు చెప్పేదాకా బండి వద్దు, ఈ ప్రమాద సంకేతాలు కనిపిస్తే వెంటనే రండి, రెండు వారాల తర్వాతా చదివితే తలనొప్పి వస్తున్నా అక్షరాలు రెండుగా కనబడుతున్నా కంటి విభాగానికి వెళ్లి రెండు కళ్ల పనితీరు పరీక్ష చేయించుకోండి. కంటి విభాగంలో ఆ పరీక్ష ఫలితం రాయడానికి ఓపీ చీటీలో 6/6 పక్కన ఒక గడి ఉండాలి. కాలేజీలు ఆ చీటీ చూపిన విద్యార్థికి పరీక్షలో అదనపు సమయం ఇవ్వాలి. వీటిలో మొదటి రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ కేటాయింపు అక్కర్లేదు. ప్రతి పెద్దాసుపత్రి సూపరింటెండెంటూ తన స్థాయిలో వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు.